విపత్తు నిధిలో మనసు వైద్యానికి వాటా ఉండాలా?

పాయకాపురం వాసి:
మొన్న మా కాలనీ సంఘం మీటింగులో మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కోవిడ్ లాంటిది మళ్లీ వస్తే ప్రభుత్వం తీసే సహాయ నిధిలో ఇంత శాతం మానసిక ఆరోగ్యానికి అని ముందే రాసి ఉంచాలన్నది నా వాదన.

2020 మార్చి 14న కేంద్ర హోం శాఖ కోవిడ్‌ను విపత్తుగా లెక్కగట్టి, రాష్ట్ర విపత్తు నిధిని వాడుకోవచ్చంది. దేనికి? క్వారంటైన్ శిబిరాలకు, శాంపిళ్లకు, ల్యాబులకు, పీపీఈ కిట్లకు, వెంటిలేటర్లకు. అన్నీ కావాల్సినవే. కానీ కౌన్సెలింగ్‌కంటూ ఒక పద్దు ఆ జాబితాలో కనబడదు. విచిత్రం ఏమిటంటే, విపత్తుల్లో బాధితులకు మానసికంగా ఎలా అండగా ఉండాలో చెబుతూ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే ఒక మార్గదర్శకాల పుస్తకం వేసింది. పుస్తకం ఉంది, పైసా లేదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా మీద పడ్డప్పుడూ ఇదే కథ. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు ఇచ్చారు. మేమూ తీసుకున్నాం, మంచాలు కొన్నాం, కాదనను. కానీ మబ్బు పడితే చాలు బియ్యం బస్తా మేడ మీదకు మోసే వాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. రాత్రంతా మెట్ల మీద కూర్చునే పెద్దాయన ఉన్నాడు. ఆయనకు ఏ పద్దు కింద ఏం చేశాం?

ఆటోనగర్ మెకానిక్:
అన్నా, చదవడానికి బాగుంది గానీ నాకు ఒళ్లు మండింది. 2021లో సెకండ్ వేవ్‌లో మా చిన్నాన్న పోయాడు. కోవిడ్ మరణానికి 50 వేలు ఇస్తామన్నారు కదా, దాని కోసం మా పిన్ని తిరగని ఆఫీసు లేదు. సర్టిఫికెట్‌లో గుండెపోటు అని ఉంది, కుదరదన్నారు. సర్టిఫికెట్‌లో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో ఆపొద్దని సుప్రీంకోర్టు అప్పటికే చెప్పేసింది. ఆ సంగతి కౌంటర్‌లో కూర్చున్నాయనకు తెలియదో, తెలిసీ తిప్పాడో! 2022 జనవరిలో చెల్లింపులు ఆలస్యం చేస్తున్నారని సుప్రీంకోర్టు మన రాష్ట్ర చీఫ్ సెక్రటరీని, బీహార్ చీఫ్ సెక్రటరీని పిలిపించి అడిగే దాకా వెళ్లింది వ్యవహారం.

మా పిన్నికి టెన్షన్ లేదా? ఉంది. నిద్ర లేదు, తిండి లేదు. డబ్బులు అకౌంట్లో పడ్డాక, కిరాణా బాకీ తీరాక సగం తగ్గింది. ఆ టైములో ఎవరైనా కౌన్సెలర్ వచ్చి "మీ బాధ నాతో పంచుకోండి" అని ఉంటే చెప్పు తీసుకునేది.

ఇంకోటి. ఇదే విపత్తు నిధి నుంచి 1,100 కోట్లు మన రాష్ట్రంలో వేరే ఖాతాలకు మళ్లించారు. వెనక్కి వేయమని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బాధితుడి డబ్బు బాధితుడి దాకా రావడమే ఇంత కష్టంగా ఉంటే, అందులో కొత్త వాటాలు పెడతారా?

గుంటూరు సిస్టర్:
తమ్ముడూ, మీ పిన్నిగారి విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. మూడు పూటలా అన్నం ఎలా అన్న దిగులుకు మా దగ్గర మాత్ర లేదు.

నేను సైకియాట్రీ ఓపీలో పనిచేస్తాను. కోవిడ్ తర్వాత మా దగ్గరికి వచ్చినవాళ్లలో "నాకు దిగులుగా ఉంది" అని వచ్చినవాళ్లు చాలా తక్కువ. గుండె దడ, తల దిమ్ము, నరాల వీక్‌నెస్, అన్నం సయించట్లేదు, ఇవే మాటలు. ముందు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు, తర్వాత కొత్తపేటలో గుండె డాక్టరు, ఆయన రాసిన స్కానింగులు, అన్నీ నార్మల్. అప్పుడు ఎవరో మెల్లగా మా గది చూపిస్తారు. అప్పటికి పరిహారం వచ్చినవాళ్ల పరిహారం కూడా స్కానింగులకే పోయి ఉంటుంది. డబ్బిచ్చేస్తే సరిపోతుందనే వాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనే చాలా రకాల మానసిక జబ్బుల్లో నూటికి డెబ్బై మందికి పైగా వైద్యం అందట్లేదని తేలింది. అది కోవిడ్‌కు ముందు మాట.

అయినా శాతం రాసి పెట్టడానికి నేను ఒప్పుకోను. శాతం ఉంటే మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. ఆర్నెల్ల కాంట్రాక్టు మీద కౌన్సెలర్లను తీసుకుంటారు, ఒక ఫ్లెక్సీ, ఒక వాట్సాప్ గ్రూపు. ఏడో నెలలో వాళ్లుండరు. నోరు విప్పిన పేషెంటు మాత్రం ఉంటాడు. సగంలో వదిలేయడం అసలు మొదలుపెట్టకపోవడం కంటే ఘోరం.

లక్ష్మీపురం టు డల్లాస్:
సిస్టర్ గారు చెప్పిన ఆ ఏడో నెలను మేం ఇక్కడ పెద్ద సైజులో చూశాం. 2021 మార్చిలో అమెరికా చేసిన కోవిడ్ సహాయ చట్టంలో రాష్ట్రాలకు, నగరాలకు, కౌంటీలకు కలిపి 35 వేల కోట్ల డాలర్లు పెట్టారు. మానసిక ఆరోగ్యానికి వాడొచ్చని నిబంధనల్లోనే స్పష్టంగా రాశారు. స్కూళ్లకు వేరేగా దాదాపు 12,200 కోట్ల డాలర్లు. చాలా స్కూళ్లు ఆ డబ్బుతో కౌన్సెలర్లను పెట్టుకున్నాయి. మంచి పనే. కానీ స్కూళ్ల డబ్బుకు 2024 సెప్టెంబర్ గడువు, రాష్ట్రాలూ నగరాల డబ్బు 2024 ఆఖరుకల్లా ఒప్పందాల్లో పెట్టి, 2026 ఆఖరుకల్లా ఖర్చు చేయాలి. తర్వాత జీతం ఎవరిస్తారన్నది ప్రతి ఊరి స్కూల్ బోర్డులోనూ తగువే. పద్దు ఉన్న దేశంలోనూ ఇదీ పరిస్థితి.

బెజవాడ టీచర్:
రెండు ముక్కలు. తల్లీ తండ్రీ ఇద్దరూ కోవిడ్‌తో పోయిన పిల్లలకు రాష్ట్రం పది లక్షలు డిపాజిట్ చేసింది, చాలా మంచి పని. వడ్డీ వస్తుంది. అలాంటి ఒక పిల్ల క్లాసులో మాట్లాడటం లేదని ఎవరికి చెప్పాలో మాత్రం ఏ జీవోలోనూ లేదు. స్టాఫ్ రూములో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 పోస్టర్ ఉంది. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం కూడా. అలాంటి పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి మాట్లాడమంటే మాట్లాడుతుందా చెప్పండి?

ఆటోనగర్ మెకానిక్:
టీచర్ గారూ, మీరు నా వైపే పాయింటు ఇచ్చారు. ఆ 14416 టెలీమానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది, మామూలు కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి పెట్టింది. అంటే మనసుంటే మామూలు బడ్జెట్‌లోనే చేయొచ్చు. కోవిడ్ ఏళ్లలో దేశం మొత్తానికి మానసిక ఆరోగ్య కార్యక్రమం పద్దు 40 కోట్లు. మన బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కూడా రాదు దానికి. అడిగితే అది పెంచమని అడగండి. చావు డబ్బుల్లో వాటా అడగొద్దు.

పాయకాపురం వాసి:
సరే, శాతం మాట వెనక్కి తీసుకుంటున్నా, సిస్టర్ గారి మాటతో. చావు డబ్బుల్లోంచి అన్నది మాత్రం నేనెప్పుడూ అనలేదు తమ్ముడూ.

ఇలా అడిగితే? పరిహారం ఇచ్చిన ఇళ్ల జాబితా కలెక్టరేట్‌లో ఉంటుంది. మనిషి పోయిన ఇళ్లు, ఇల్లు మునిగిన ఇళ్లు ఏవో వేరే సర్వే లేకుండానే తెలుస్తుంది. డబ్బు పడిన రెండో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి ఏఎన్ఎం గానీ ఆశా గానీ ఆ ఇంటికి వెళ్లి నిద్ర ఎలా ఉంది, మందు తాగుడు పెరిగిందా, పిల్లలు బడికి పోతున్నారా అని అడగాలి. తేడా ఉంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) పంపాలి. కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. విపత్తు నిధిలోంచి కావాల్సింది వాళ్ల శిక్షణ, తిరుగుడు ఖర్చు, అంతే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నా.

ఆటోనగర్ మెకానిక్:
డబ్బు పడ్డాకే వెళ్లాలి. మాట్లాడితేనే చెక్కు అనే మెలిక ఎక్కడా ఉండకూడదు. ఈ రెండూ అర్జీలో రాస్తే నేనూ సంతకం పెడతా.

గుంటూరు సిస్టర్:
నేనూ పెడతాను, కానీ ఆశా అన్న చోట ఆగండి. మన వార్డు ఆశా మన వీధి మనిషే. ఆమె ఒకింటికి రెండోసారి వెళ్లిందంటే సాయంత్రానికి "వాళ్లింట్లో ఎవరికో మెంటల్ అంట" అంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం పేషెంటు వివరాలు గోప్యంగా ఉండాలంటుంది, వీధి అరుగుకు ఆ చట్టం తెలియదు. పక్క వార్డు నుంచి పంపమని రాయండి.

పాయకాపురం వాసి:
పక్క వార్డు మనిషికి తలుపు తీస్తారా అని మా ఆవిడ అడుగుతోంది. వరదల్లో మా మేడ మీదకు పాల ప్యాకెట్లు తెచ్చింది మా వార్డు ఆశాయే మరి. ఆదివారం రాత్రి దాకా అర్జీలో ఆ లైను ఖాళీగా ఉంచుతున్నా, ఎవరైనా చెప్పండి.