1.5 మిల్లీమీటర్ల రేకు వెనుక నుంచి తీగ ఎందుకు కనిపించలేదు?

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థిని, తార్నాక):

అందరికీ నమస్కారం. తక్కువ ఎత్తులో ఎగిరే హెలికాప్టరుకు అడ్డువచ్చే కరెంటు తీగలను ముందుగా పసిగట్టే రాడార్ మీద మేము ప్రాజెక్టు చేస్తున్నాము. డాబా మీద 77 గిగాహెర్ట్జ్ సెన్సరు పెట్టి, ఎదురుగా ఒక అల్యూమినియం తీగ కట్టి చూడగా అది స్పష్టంగా కనిపించింది. వానకు, దుమ్ముకు రక్షణగా చర్లపల్లిలో గ్లాస్ ఫైబర్ రేకులు కోయించి తెచ్చాము. 2 మిల్లీమీటర్ల రేకు బిగించినప్పుడు తీగ కనిపిస్తూనే ఉంది గాని, అంతకంటె పలుచనైన 1.5 మిల్లీమీటర్ల రేకు వెనుక నుంచి దాదాపు మాయమైంది. పైగా సెన్సరుకు అతి దగ్గరలో లేని వస్తువేదో ఉన్నట్టు చూపుతోంది. పలుచని రేకు ఎక్కువ అడ్డెలా అవుతుందో దయచేసి వివరించగలరు.

సమాధానం (రేడోమ్‌ల, అంటే రాడార్‌ను కప్పే తొడుగుల, తయారీలో పనిచేసినవారు, నాచారం):

అమ్మా, మీ కొలతలో పొరపాటు లేదు. 77 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 3.9 మిల్లీమీటర్లు, రోధక స్థిరాంకం (పదార్థం తరంగాన్ని ఎంత నెమ్మదింపజేస్తుందో తెలిపే సంఖ్య, డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్) 4 ఉన్న గ్లాస్ ఫైబర్‌లో అది సగమై 1.95కు దిగుతుంది. రేకు మందం ఈ తరంగదైర్ఘ్యంలో సగానికి, అంటే దాదాపు 1 మిల్లీమీటరుకు, లేదా దాని గుణిజాలకు సరిపోయినప్పుడు ముందు తలం నుంచీ వెనుక తలం నుంచీ వచ్చే ప్రతిఫలనాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మీ 2 మిల్లీమీటర్ల రేకు నెగ్గింది అందుకే. 1.5 మిల్లీమీటర్లు మాత్రం రెండు గుణిజాలకు సరిగ్గా నడిమధ్యన పడింది. అక్కడ 36 శాతం శక్తి వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగిన శక్తే రిసీవరులోకి చేరి మీకు లేని వస్తువును చూపుతోంది. రేకును కాస్త వాల్చి బిగిస్తే అది తగ్గుతుంది.

పోతూ వస్తూ రెండుసార్లు రేకును దాటాలి గనుక మిగిలేది 41 శాతమే. తిరిగి వచ్చే శక్తిని లెక్కగట్టే రాడార్ సమీకరణంలో దూరం నాలుగో ఘాతంలో ఉంటుంది కాబట్టి, పదార్థంలో ఇంకే నష్టం లేకపోయినా, పసిగట్టే దూరం 20 శాతం తగ్గుతుంది. గోడ, చెట్టు వంటివాటికి ఇది పెద్ద లోటు కాకపోవచ్చు. కిరణానికి లంబంగా లేని తీగ నుంచి వచ్చే ప్రతిధ్వని మొదటే అతి బలహీనం కాబట్టి ముందు పోయేది అదే, హెలికాప్టరుకు ప్రాణాంతకమయ్యేదీ అదే.

మరొక సమాధానం (మెయింటెనెన్స్ ఇంజనీరు, బేగంపేట):

పై వివరణ చదివి ఒక మాట కలపాలనిపించింది. మందం ఎంత సరిగ్గా కుదిరినా తొడుగు మీద నీటి పొర నిలిస్తే లాభం లేదు. ఈ పౌనఃపున్యంలో నీరు తరంగాలను విపరీతంగా పీల్చుకుంటుంది. మిల్లీమీటరులో పదో వంతు పొర కూడా, గాలిలో కురుస్తున్న వానకంటె ఎక్కువ హాని చేయగలదు. నీరు పరచుకోక బొట్లుగా జారిపోయే పూత అవసరమయ్యేది అందుకే. వానాకాలంలో మళ్లీ పరీక్షించండి, లేదా ఇప్పుడే రేకు మీద నీళ్లు చల్లి చూడండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రేకుకు రంగు వేయించవచ్చా?

సమాధానం (నాచారం):

లోహపు పొడి గానీ కార్బన్ గానీ కలిసిన రంగు వద్దు. కార్బన్ ఫైబర్ రేకు అసలే వద్దు, అది తరంగాలను పోనివ్వదు. మామూలు రంగైనా మందాన్ని పెంచుతుంది కాబట్టి వేయకముందు, వేశాక కొలవండి. ఎగిరే యంత్రాల మీద పెచ్చులూడిన చోట మళ్లీ మళ్లీ రంగు పూయడం వల్ల బాగా పనిచేస్తున్న రేడోమ్ చెడడం నేను స్వయంగా చూశాను.