క్యాన్సర్ కాదంటున్నారు కదా, గుండెలో గడ్డకి ఆపరేషన్ పెళ్లయ్యాక చేయిస్తే?

నాగావళి గట్టు: అమ్మకి 56. నరసన్నపేటలో ఉంటుంది. కంటి శుక్లం ఆపరేషన్‌కి ఫిట్‌నెస్ అని ఎకో తీస్తే గుండె ఎడమ పై గదిలో 4 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. మిక్సోమా అట, క్యాన్సర్ కాదట. వైజాగ్‌లో సర్జన్ ఈ వారమే చేరిపొమ్మన్నారు. చెల్లి పెళ్లి ఇంకా 40 రోజులుంది, శుభలేఖలు పంచేశాం. అమ్మకి ఆయాసం లేదు, నొప్పి లేదు. నిన్న కూడా కూర్చుని మినుములు చెరిగింది. మావయ్య "పెళ్లి కానీండిరా" అంటున్నాడు. నాకూ అదే అనిపిస్తోంది. తప్పా?

బొబ్బిలి మాస్టారు: మీ మావయ్య మాటే నా మాట. మా మనవడికి పుట్టగానే గుండెలో గడ్డలన్నారు. ఏ ఆపరేషనూ చేయలేదు. మూడేళ్లకి ఎకోలో వాటి జాడే లేదు. ఛాతీ కోయడమంటే పనసకాయ కోయడమా?

ఎకో గది, విజయనగరం: మాస్టారూ, మీ మనవడిది రాబ్డోమయోమా అయ్యుంటుంది. పసిపిల్లల్లో ఎక్కువగా వచ్చేది అదే, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. పెద్దవాళ్ల మిక్సోమా అలా తగ్గదు. సాధారణంగా రెండు పై గదుల మధ్య గోడకి కాడతో వేలాడుతుంది. స్క్రీన్ మీద చూస్తే గుండె కొట్టుకున్నప్పుడల్లా బావిలో చేదలాగ కింది గదికి దారైన మైట్రల్ కవాటంలోకి దిగి పైకి లేస్తుంది. దారికి అడ్డం పడితే ఆయాసం, కళ్లు తిరగడం. కొందరికి పడుకునే తీరు మారితేనే వస్తాయి. ఇంకొందరికి సన్నజ్వరం, బరువు తగ్గడం, రక్తపరీక్షలో వాపుని చూపే ఈఎస్ఆర్ పెరగడం. పాపం, ఏం జ్వరమో తెలీక నెలల తరబడి తిరుగుతారు. తమ్ముడూ, రిపోర్టులో ఒకటి చూడు. గడ్డ నున్నగా ఉందని రాశారా, కుచ్చులుగా ఉందని రాశారా? కుచ్చులుగా ఉన్నవే ఎక్కువగా ముక్కలు తెగుతాయి. ఆ ముక్క రక్తంతో పాటు మెదడుకి చేరితే పక్షవాతం.

రాజాం కోడలు: మా ఆయనకి 41. ఏ లక్షణమూ లేదు. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే చేతిలోంచి బ్రష్ జారింది. తీద్దామంటే చెయ్యి లేవలేదు. బీపీ లేదు, షుగర్ లేదు, పక్షవాతం ఎందుకొచ్చిందని ఎకో తీస్తే అప్పుడు బయటపడింది. ఆపరేషన్ బాగానే అయింది, గడ్డ మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఎడం చేత్తోనే తింటారు.

బొబ్బిలి మాస్టారు: అమ్మా, బాధగా ఉంది. కానీ ఒకరికి జరిగింది అందరికీ జరగాలా? రక్తం పలచబడే మాత్రలతో 40 రోజులు లాగలేరా? అసలది గడ్డకట్టిన రక్తం కాదని గ్యారంటీ ఏమిటి?

ఎకో గది, విజయనగరం: రెండోది మంచి ప్రశ్న. కవాటం సన్నబడినవాళ్లకి, గుండె లయ తప్పినవాళ్లకి ఆ గదిలోనే రక్తం గడ్డకడుతుంది. అనుమానముంటే గొంతులోంచి గొట్టం వేసి ఎకో చేస్తారు, దానికి వారాలు పట్టవు. మాత్రల సంగతంటారా, తెగేది గడ్డకట్టిన రక్తం ఒక్కటే కాదు, మిక్సోమా ముక్క కూడా. దాన్ని కరిగించే మందు లేదు. 1954లో స్టాక్‌హోమ్‌లో క్రాఫోర్డ్ అనే సర్జన్ దీన్ని తొలిసారి విజయవంతంగా కోసి తీశారు. నేటికీ దారి అదే.

పలాస జీడిపిక్క: పెళ్లి ఆపమని డాక్టరు అనలేదు కదా! ఇప్పుడే చేయిస్తే అన్నీ బాగుంటే ముహూర్తం నాటికి అమ్మ వచ్చి కూర్చోగలదు. రొమ్ము ఎముక అతుక్కోడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి బిందె ఎత్తనివ్వకూడదు, అంతే. మా చిన్నమ్మకి బైపాస్ అయినప్పుడు ఇంట్లో బిందెలన్నీ దాచేశాం. అసలు భయం వియ్యాలవారు ఏమంటారోనని కదూ? దాన్ని గుండె మీదకి నెట్టకండి.

నాగావళి గట్టు: రిపోర్టు మళ్లీ తీశాను. "కుచ్చులుగా ఉంది, బాగా కదులుతోంది" అనే రాశారు. మావయ్యకి ఎకో వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చేశాడు. వియ్యాలవారికి నేనే చెప్పాను. గురువారం అడ్మిషన్.

బొబ్బిలి మాస్టారు: ఇంకో డాక్టరుకి చూపించి ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటాను. రక్తం ఎన్ని యూనిట్లు కావాలన్నారు? నాకు వయసైపోయింది, తీసుకోరు. మా అబ్బాయిని పంపిస్తాను.