నికాన్ ఎల్35ఏఎఫ్: మొదటి రీలు వేసే ముందు ఏం చూసుకోవాలి?

లంకతోట:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. ఇంట్లో బీరువాలోంచి నికాన్ ఎల్35ఏఎఫ్ ఒకటి బయటపడింది. ఫిల్ము కెమెరా వాడటం నాకు ఇదే మొదలు. రీలు దండగ కాకుండా కెమెరా బాగుందో లేదో చూసుకోవడం ఎలా? కొబ్బరితోటలు, కాలువగట్లు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం (అలంకరించిన ఎత్తైన వెదురు ప్రభల జాతర) తీయాలని ఉంది. 200 ఫిల్ము మంచిదా, 400 మంచిదా? లెన్సులోకి టార్చి వేస్తే అంచున సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి. రీలు కడిగించుకోవడం గురించి కూడా చెప్పండి.

షట్టరు పెట్టె:
మంచి కెమెరా దొరికిందండి. 1983 మోడల్, 35 ఎంఎం ఎఫ్2.8 లెన్సు, రెండు పెన్సిల్ సెల్లులు (ఏఏ) చాలు. అవి ఊళ్లో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి కాబట్టి కొత్తవాళ్లకి దీన్ని ధైర్యంగా చెప్పొచ్చు.

ముందు సెల్లుల గది చూడండి. పాత సెల్లు కారితే రేకుల మీద తెల్లగానో పచ్చగానో పొక్కు కడుతుంది. దూది పుల్లని వెనిగర్‌లో కొద్దిగా ముంచి రుద్దండి, పొడి పుల్లతో తుడవండి, పూర్తిగా ఆరాక కొత్త ఆల్కలైన్ సెల్లులు వేయండి. ఒకటి కొత్తది, ఒకటి వాడినది కలపొద్దు. ఫ్లాష్‌కీ మోటారుకీ ఆ జతే దిక్కు.

రీలు లేకుండా వెనక తలుపు తెరిచి లెన్సుని కిటికీ వైపు పెట్టండి. లెన్సు చుట్టూ ఉన్న ఐఎస్ఓ (ఫిల్ము వెలుగుని ఎంత త్వరగా పడుతుందో చెప్పే 200, 400 లాంటి అంకె) రింగుని 50 మీద పెట్టి షట్టరు బటన్ నొక్కండి, తర్వాత 400 మీద పెట్టి నొక్కండి. వెనకనుంచి చూస్తే మొదటిసారి వెలుగు ఎక్కువగా, రెండోసారి తక్కువగా రావాలి. రెండుసార్లూ ఒకేలా ఉంటే వెలుగు కొలిచే మీటరు మీద అనుమానపడాలి.

ఫోకస్‌కి కూడా రీలు అక్కర్లేదు. వ్యూఫైండరు అడుగున మనిషి బొమ్మ, కొండ బొమ్మ ఉంటాయి. ఒక మీటరు దూరంలో ఉన్న గోడకి గురిపెట్టి బటన్ సగం నొక్కితే ముల్లు మనిషి వైపు ఆగాలి, దూరంగా ఉన్న చెట్టుకైతే కొండ వైపు. ముల్లు కదలకపోతే ఆ కెమెరాకి ఫిల్ము కొనొద్దు.

చీకటి గదిలో సగం నొక్కితే ఫ్లాష్ తనంతట తనే లేస్తుంది. కొత్త సెల్లులతో కూడా ఛార్జి కావడానికి అర నిమిషం దాటితే ఫ్లాష్ భాగం నీరసించినట్టే. అలాగని స్క్రూలు విప్పొద్దు. లోపలి కెపాసిటరులో సుమారు 300 వోల్టులు ఉంటాయి, సెల్లులు తీసేశాక కూడా నిలవుంటాయి.

తలుపు అంచుల్లోని నల్ల స్పాంజి వేలికి జిగటగా అంటుకుంటే వెలుగు లోపలికి కారుతుంది, ఫొటోల మీద నారింజ చారలు పడతాయి. పాత జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీసేసి, గాడిలో నల్ల ఊలుదారం అతికించినా సరిపోతుంది.

గౌతమి గట్టు:
ఫిల్ము సంగతి నేను చెప్తానండి. 400 తీసుకోండి. దీని షట్టరు 1/8 నుంచి 1/430 సెకను దాకా, ఎపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే కంత) ఎఫ్17.5 దాకా వెళ్తుంది, ఆ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి 400 ఫిల్ముతో లెక్క దాదాపు దాని ఆఖరి అంచుకి వస్తుంది కానీ దాటదు. అంతర్వేది ఇసుకలో కాస్త ఎక్కువ వెలుగు పడినా కలర్ నెగటివ్ తట్టుకుంటుంది. తక్కువ పడితేనే తట్టుకోదు, నీడలు బురద రంగులోకి పోతాయి. ముసురు రోజుల్లోనూ, తోట నీడలోనూ 200 చాలదు, ప్రతిసారీ ఫ్లాష్ లేస్తుంది. అది వద్దనుకుంటే వేలితో కిందికి అదిమి పట్టుకోండి, పేలదు. అప్పుడు షట్టరు నెమ్మదిస్తుంది కాబట్టి చెట్టుకో స్తంభానికో ఆనించి తీయాలి.

రింగు మీద ఐఎస్ఓ మీరే పెట్టాలి. రీలు డబ్బా మీద ఐఎస్ఓ తెలిపే నలుపు, వెండి గళ్లని ఈ కెమెరా చదవదు, తర్వాత వచ్చిన ఎల్35ఏఎఫ్2 చదువుతుంది. గడువు దాటిన ఫిల్ము అయితే పదేళ్లకి ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు, అంటే ఐఎస్ఓ అంకెలో సగం) చొప్పున తగ్గించి పెట్టండి.

కొత్తవాళ్ల ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది ఫోకస్ దగ్గరే. ఇది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి దూరం లెక్కగడుతుంది, అదీ ఫ్రేము నడుమనున్న చిన్న చోట మాత్రమే. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి తీస్తే నడుమ ఖాళీలోంచి చూపు వెనక్కి పోయి, చెట్లు స్పష్టంగా, మనుషులు మసకగా వస్తారు. ఒకరి మీద గురిపెట్టి సగం నొక్కి, ముల్లు చూసుకుని, వేలు తీయకుండా కెమెరా తిప్పి అప్పుడు పూర్తిగా నొక్కాలి. పచ్చటి ఆకు ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా తిప్పికొడుతుంది. అందుకే అరటితోటలో ముందుకు వాలిన ఆకు నడుమకొస్తే ఫోకస్ దాని మీదే ఆగుతుంది. తడిసిన నల్ల గేదె లాంటిది అంతగా తిప్పికొట్టదు, అంతే దూరంలో ఉన్న మరోదాని మీద లాక్ చేయండి. బస్సు అద్దంలోంచి తీస్తే అద్దమే అడ్డొస్తుంది. 80 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి అసలు వెళ్లొద్దు. వ్యూఫైండరు లెన్సులోంచి చూపించదు కాబట్టి వేలూ, పట్టీ అడ్డున్నా మీకు తెలియదు, చూసుకోవాలి.

ప్రభల దగ్గర ఇంకో చిక్కు. ఎత్తైన ప్రభ వెనక ఆకాశం ఉంటుంది, మీటరు ఆ తెలుపుకి లొంగి ప్రభని నల్లగా తీస్తుంది. లెన్సు పక్కనున్న బ్యాక్‌లైట్ మీట నొక్కిపట్టుకుని తీస్తే రెండు స్టాపులు అదనంగా వెలుగు ఇస్తుంది. కాలువలో ఎండ తళతళలాడుతున్నప్పుడు పడవ మీద మనిషిని తీయడానికీ ఇదే మందు.

లంకతోట:
ఆయ్, ముల్లు కదులుతోందండి, మీటరూ బాగానే ఉన్నట్టుంది. మరి ఆ పోగుల మాటేమిటి?

తేమగది:
అది బూజండి. కోనసీమలో కెమెరాకి అసలు శత్రువు అదే. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం ఉంటే గాజు మీద పెరుగుతుంది, మనకి ఏడాదిలో చాలా నెలలు అంతకన్నా ఎక్కువే. అంచున కొద్దిగా ఉంటే ఫొటోల్లో కనిపించదు, సూర్యుడికి ఎదురుగా తీసినప్పుడు మాత్రం కాస్త పాలిపోతాయి. నడుమకి పాకి ఉంటే లెన్సు విప్పగల మెకానిక్‌కి ఇవ్వాలి, ఇంట్లో విప్పితే ఫోకస్ చెడుతుంది.

ఇక పెరగనివ్వకుండా ఉండాలంటే తోలు కవరులోంచి ముందు బయటికి తీయండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. మూత బిగుతుగా పట్టే డబ్బా, ఒక 100 గ్రాముల సిలికా జెల్, లోపల చిన్న తేమమీటరు పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నారింజ జెల్ ఆకుపచ్చగా మారితే నీళ్లు పట్టేసిందని అర్థం, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. నీలం రకం కొనొద్దు, దాంట్లో కోబాల్ట్ ఉప్పు ఉంటుంది, వంట పాత్రల దగ్గరికి రాకూడదు. బియ్యంలో పెట్టడం వద్దే వద్దు, తవుడు లోపలికి పోతుంది. వాడనప్పుడు సెల్లులు తీసేయండి.

ఫిల్ముని ఫ్రిజ్‌లో పెడితే తీసిన వెంటనే డబ్బా మూత విప్పొద్దు, రెండు మూడు గంటలు బయట ఉండనివ్వండి. ఏసీ కారులోంచి దిగినప్పుడు కెమెరా కూడా అంతే. లెన్సూ, ఫోకస్ కిటికీలూ చెమర్చి ఉండగా తీస్తే ఫోకస్ తప్పుతుంది.

కడిగించడానికి పెద్ద నగరాల్లో సీ-41 (మామూలు కలర్ నెగటివ్ కడిగే పద్ధతి) ల్యాబులకి పోస్టులో పంపుకోవాలి. రీలు పూర్తిగా వెనక్కి చుట్టి, మోటారు చప్పుడు తేలికయ్యాకే తలుపు తీయండి. "కడగడం, స్కాన్, నెగటివ్‌లు తిరిగి పంపాలి" అని చీటీ మీద స్పష్టంగా రాయండి, లేకపోతే నెగటివ్‌లు వెనక్కి రాకపోవచ్చు. చవగ్గా దొరుకుతోందని సినిమా ఫిల్ము తిరిగి చుట్టిన రీళ్లు కొనేటప్పుడు ఏ ప్రాసెస్ అని తప్పక అడగండి. వెనక రెమ్‌జెట్ అనే నల్ల పూత ఉంటే మామూలు సీ-41 ల్యాబు తీసుకోదు, చెప్పకుండా పంపితే వాళ్ల రసాయనాలూ, పక్కవాళ్ల రీళ్లూ పాడవుతాయి. తీసిన రీలు వానాకాలంలో నెలల తరబడి ఇంట్లో ఉంచొద్దు, ఆ వారంలోనే పంపేయండి.