టీ కణాల ల్యాబ్‌లో పీహెచ్‌డీ: మొదటి ఆరు నెలల్లో చేతికి ఏ పని పట్టుబడాలి?

మొలక_టీ8
క్యాన్సర్ ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ మొదలవుతోంది. ప్రాజెక్టు క్లుప్తంగా: దాతల రక్తం నుంచి సీడీ8 టీ కణాలు (క్యాన్సర్ కణాలను చంపగల తెల్ల రక్తకణాలు) వేరుచేయాలి, సీడీ3/సీడీ28 బీడ్లతో (టీ కణాన్ని మేల్కొలిపే యాంటీబాడీలు అతికించిన చిన్న పూసలు) ఉత్తేజపరచాలి, క్యాన్సర్ కణాలతో పదేపదే తలపడనివ్వాలి, ఎక్కడ చతికిలబడుతున్నాయో చూడాలి. మూడు సందేహాలు.
ఒకటి, ముందు బెంచి పనా, కోడింగా?
రెండు, బీడ్లు వేసిన మూడో రోజుకే దాదాపు అన్ని కణాల మీదా పీడీ-1 (టీ కణానికి బ్రేకులా పనిచేసే గ్రాహకం) కనిపిస్తుంది. అవి అప్పుడే ఎగ్జాషన్‌లోకి, అంటే పదేపదే ఉత్తేజంతో అలసి పని తగ్గిపోయే స్థితిలోకి, వెళ్లిపోయినట్టా?
మూడు, ఈ రంగంలో పదేళ్లు నిలబడాలంటే ఎలాంటి ప్రశ్న పట్టుకోవాలి?

గేటింగ్_బాబాయి
రెండోదానికి ముందు చెప్తా, ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే. అది ఎగ్జాషన్ కాదు. పీడీ-1 మొదటగా ఉత్తేజానికి గుర్తు. టీ కణ గ్రాహకం నుంచి సంకేతం అందగానే ఎన్‌ఫ్యాట్ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి పీడీ-1 జన్యువును మేల్కొలుపుతుంది. ఒక రోజు తిరిగేసరికి కణం మీద కనబడుతుంది. మూడో రోజు అన్నీ పాజిటివ్ అంటే బీడ్లు పనిచేశాయని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. పీడీ-1 లాంటి బ్రేకులే అయిన టిమ్-3, లాగ్-3 కూడా ఉత్తేజంతో పెరిగేవే. మనిషి కణాల్లో టాక్స్ (అలసటకు గుర్తుగా చూసే ప్రోటీన్) ఒక్కటి చూసి తీర్పు ఇవ్వకండి, బాగా పనిచేసే ఎఫెక్టర్ కణాల్లోనూ అది ఉంటుంది.

తేల్చుకోవాలంటే అయస్కాంతంతో బీడ్లు తీసేయండి. ఐఎల్-7, ఐఎల్-15 అనే సైటోకైన్లు (కణాల మధ్య సంకేత ప్రోటీన్లు) మి.లీ.కి చెరో 5 నుంచి 10 నానోగ్రాములు వేసి ఐదారు రోజులు విశ్రాంతినివ్వండి. వట్టి ఉత్తేజమే అయితే పీడీ-1 దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ ఉత్తేజపరచి, సైటోకైన్లు బయటికి పోకుండా ఆపే బ్రెఫెల్డిన్ ఏ వేసి 5 గంటలు ఉంచి, లోపలి సైటోకైన్లు కొలవండి. అలసట ముదిరేకొద్దీ ముందు పోయేది ఐఎల్-2, తర్వాత టీఎన్‌ఎఫ్, చివరికి ఇంటర్‌ఫెరాన్ గామా. కాబట్టి ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే కొలిచి "బాగానే ఉన్నాయి" అంటే సగం కథ దాటిపోతుంది.

దీనికి కంట్రోల్ తప్పనిసరి: అదే దాత కణాలు, అదే రోజు మొదలుపెట్టినవి, ఒక్కసారే ఉత్తేజం పొందినవి. అది లేకపోతే మీరు చూస్తున్నది పదేపదే ఉత్తేజం వల్ల వచ్చిన అలసటా, పదిహేను రోజులు ప్లేటులో పడి ఉండటం వల్ల వచ్చిన ముసలితనమా చెప్పలేరు.

ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపి కొలిచే యంత్రం) దగ్గర ఇంకో రెండు గోతులున్నాయి. విశ్రాంతి కణాల మీద గీసిన లింఫోసైట్ గేటు (ఏ కణాలను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే హద్దు) మూడో రోజు కణాలకు సరిపోదు. ఉత్తేజం పొందిన కణాలు ఉబ్బి గేటు బయటికి పోతాయి, మీరు లెక్కపెట్టేది మాత్రం స్పందించని వాటిని. రెండోది, ఉబ్బిన కణాలకు సొంత మెరుపు ఎక్కువ. ఎఫ్‌ఎంఓ కంట్రోలు (కొలిచే ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన కణాలు), చచ్చిన కణాల రంగు లేకుండా పీడీ-1 శాతం రాయొద్దు.

పాత_ఇంక్యుబేటర్
బాబాయి గారు చెప్పిన ఏ పరీక్షకైనా ముందు కణాలు బతికి ఉండాలి కదా. అందుకే మొదటి నెలంతా రక్తం నుంచి కణాలు తీయడమే.

రక్తాన్ని సమాన పరిమాణం పీబీఎస్ ఉప్పు ద్రావణంతో పలచన చేసి, 1.077 సాంద్రత ద్రావణం మీద మెల్లగా పేర్చండి. సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ, 30 నిమిషాలు, గది ఉష్ణోగ్రత, బ్రేకు ఆఫ్. బ్రేకు వేస్తే కష్టపడి విడదీసిన పొర చివరి నిమిషంలో కలిసిపోతుంది. ద్రావణం ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడితే సాంద్రత, చిక్కదనం మారి వేర్పాటు చెడుతుంది. రాత్రంతా నిలవ ఉన్న రక్తమైతే గ్రాన్యులోసైట్లు కూడా తెల్ల పొరలోకి వచ్చి చేరతాయి. కడిగేటప్పుడు ఒకసారి 200 జీ, 10 నిమిషాలు తిప్పితే ప్లేట్‌లెట్లు పైన ద్రవంలో ఉండిపోతాయి. వాటిని వదిలేస్తే కణాలు ముద్దకడతాయి.

ఒక మి.లీ. రక్తానికి సుమారు పది లక్షల పీబీఎంసీ (ఆ తెల్ల పొరలోని కణాలు) వస్తే సరే అనుకోండి. అందులో సీడీ8 ఐదో వంతు ఉంటే అదృష్టమే. ప్రయోగానికి ఎన్ని కణాలు కావాలో వెనక్కి లెక్కేసుకుని రక్తం అడగండి.

తర్వాత మి.లీ.కి పది లక్షల కణాలు, కణానికో బీడ్, ఐఎల్-2 50 నుంచి 100 యూనిట్లు. మొదటి రెండు రోజులు కణాలు గుత్తులుగా ఉంటాయి, పిపెట్‌తో కెలకొద్దు. ఆ రోజుల్లో లెక్క కాస్త తగ్గినా కంగారు పడొద్దు. మూడో రోజు నుంచి పెరుగుతాయి. మి.లీ.కి ఇరవై లక్షలు దాటనివ్వకండి. మీడియం పసుపు రంగుకు తిరిగిందంటే అప్పటికే ఆలస్యం. ఇక నిలవ కణాలైతే, 37 డిగ్రీల్లో త్వరగా కరిగించి, వెచ్చని మీడియం చుక్కచుక్కగా కలిపి, గడ్డకట్టించేటప్పుడు కలిపిన డీఎంఎస్‌ఓ కడిగేసి, ఒక రాత్రి ఊరుకోనిచ్చి అప్పుడు బీడ్లు వేయండి.

మొలక_టీ8
ధన్యవాదాలు అండీ. ఒక అనుమానం: ఉత్తేజం తర్వాత సీడీ3 స్టెయినింగ్ పడిపోతుందని విన్నా. కణాలు పోయినట్టా?

గేటింగ్_బాబాయి
పోవు. సంకేతం అందుకున్న గ్రాహకాన్ని కణం లోపలికి లాక్కుంటుంది, దానితో సీడీ3 కూడా వెళ్తుంది. పైగా ఉత్తేజానికి వాడిన యాంటీబాడీ, స్టెయినింగ్ యాంటీబాడీ ఒకే చోట అతుక్కునేవైతే రెండోదానికి చోటుండదు. సీడీ8తో గేటు పెట్టండి.

మూడో_రివ్యూయర్
క్యాన్సర్ కణాలను చంపే పరీక్ష గురించి ఎవరూ ఎత్తలేదు. టీ కణాలు, లక్ష్య కణాల నిష్పత్తి 10:1 ఒక్కటే పెట్టి "వంద శాతం చంపాయి" అనడం దండగ. ఆ నిష్పత్తిలో బలహీనమైనవీ చంపుతాయి. 10:1 నుంచి 1:4 వరకు దించుకుంటూ వెళ్తేనే తేడా బయటపడుతుంది. టీ కణాలు లేని బావుల్లో (ప్లేటులోని గుంటల్లో) తమంతట తాము చచ్చే లక్ష్య కణాలు 20 శాతం దాటితే ఆ ప్లేటు పక్కన పెట్టండి. లక్ష్య యాంటిజెన్ తీసేసిన అదే క్యాన్సర్ కణాలు ఒక కంట్రోల్. కార్-టీ (క్యాన్సర్‌ను గుర్తుపట్టే జన్యువు ఎక్కించిన టీ కణాలు) అయితే అదే దాత నుంచి జన్యువు ఎక్కించని టీ కణాలు ఇంకొకటి. దాతకూ క్యాన్సర్ కణాలకూ హెచ్‌ఎల్‌ఏ (కణం తనదా పరాయిదా చెప్పే గుర్తు) కలవదు గనుక, యాంటిజెన్‌తో పని లేకుండానే కొంత చంపుడు ఉంటుంది. దాన్ని ఈ రెండు కంట్రోళ్లే పట్టిస్తాయి. లక్ష్య కణాలకు నెలనెలా మైకోప్లాస్మా (కల్చర్‌లో కనబడకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష ఎలాగూ ఉండాలి.

ఇంకొకటి. ఒకే దాత కణాలు ఆరు బావుల్లో వేస్తే ఎన్ (నమూనాల సంఖ్య) ఆరు కాదు, ఒకటి. దాతల మధ్య తేడా చాలా ఎక్కువ. ముగ్గురితో గ్రాఫు గీయొచ్చు గానీ, ఆ చుక్కలను దాతల వారీగా గీతలతో కలిపి చూపించండి, జత పరీక్ష వాడండి.

కోడ్_పిపెట్
మొదటి ప్రశ్నకు: బెంచి ముందు, కానీ ఆర్ అనే కోడింగ్ భాష మొదటి నెలలోనే. ఫ్లో ఫైళ్ల నుంచి వచ్చిన అంకెలను చేత్తో కాపీ చేయడం మానేస్తే చాలు ఆరంభానికి. సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ విశ్లేషణ రెండో ఏడాదికి ఆగుతుంది. అయితే క్లస్టర్‌కు (ఒకేలాంటి కణాల గుంపుకు) "ఎగ్జాస్టెడ్" అని పేరు పెట్టే ముందు బాబాయి గారి మొదటి పేరా మళ్లీ చదవండి. ఆర్‌ఎన్‌ఏలో కూడా అదే పొరపాటు జరుగుతుంది.

పాత_ఇంక్యుబేటర్
మూడో ప్రశ్నకు జేమ్స్ ఆలిసన్ పని చూడండి. ఆయన బయోకెమిస్ట్రీ మనిషి, టీ కణం ఎలా మేల్కొంటుందన్నదే ఆయన ప్రశ్న. టీ కణం మీది సీటీఎల్‌ఏ-4 గ్రాహకం కూడా సీడీ28 లాగే ఉత్తేజపరిచేదని కొందరు అనుకుంటున్న రోజుల్లో, ఆయన ల్యాబ్, జెఫ్రీ బ్లూస్టోన్ ల్యాబ్ అది బ్రేకు అని చూపించాయి. 1995లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే అదుపు తప్పిన టీ కణాలతో చచ్చిపోవడం దాన్ని ఖాయం చేసింది. 1996లో ఎలుకల కణితుల మీద సీటీఎల్‌ఏ-4 యాంటీబాడీ ఫలితం వచ్చింది. సీటీఎల్‌ఏ-4ను అడ్డుకునే మందు ఇపిలిముమాబ్‌కు అమెరికా అనుమతి 2011 మార్చిలో. పదిహేనేళ్లు. 2018 నోబెల్ పీడీ-1 కనుగొన్న తసుకు హోంజోతో కలిపి. ఆ పీడీ-1 జన్యువు హోంజో ల్యాబ్‌లో దొరికింది 1992లో, కణాల చావు మీద పనిచేస్తుండగా. ఇద్దరిలో ఎవరూ మందు పేరుతో మొదలుపెట్టలేదు.

మూడో_రివ్యూయర్
ఒప్పుకుంటా గానీ, ఆలిసన్‌ను చూసి ప్రాజెక్టు ఎంచుకోవడం లాటరీ చూసి బడ్జెట్ వేసుకోవడమే. పీడీ-1తో ఇంకో మందు జత చేసి ఎలుకలో కణితి తగ్గిందని చూపించే పేపర్లు ఇప్పటికే కుప్పలు. పైగా ఓవల్బ్యుమిన్ (కోడిగుడ్డు ప్రోటీన్) అతికించిన కణితి మీద అయితే ఏదైనా పనిచేస్తుంది, అది అంత బలమైన యాంటిజెన్. అంతకంటే, టీసీఎఫ్-1 ప్రోటీన్ ఉన్న మూల కణాల్లాంటి టీ కణాలు పీడీ-1 అడ్డు తీసినప్పుడు ఎందుకు స్పందిస్తాయి, పూర్తిగా అలసిపోయినవి ఎందుకు స్పందించవు అన్నలాంటి యంత్రాంగపు ప్రశ్న పట్టుకోండి. జవాబు కాదని వచ్చినా అచ్చవుతుంది.

కంపెనీ వైపు వెళ్లాలనుంటే అక్కడ చూసేది వేరు: కార్-టీ తయారీలో కణాల సంఖ్య, బతికిన శాతం, కణానికి ఎన్ని వెక్టర్ (జన్యువును మోసుకెళ్లే వాహకం) కాపీలు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) పరీక్ష, ప్రతి అడుగుకూ సంతకంతో రికార్డు. పీహెచ్‌డీలోనే నోట్‌బుక్‌లో యాంటీబాడీ క్లోను, లాట్ నంబరు రాసే అలవాటు చేసుకుంటే అక్కడ కొత్తగా నేర్చుకునేది తక్కువ.

చేరేముందు ల్యాబ్‌ను రెండు అడగండి: దాతల రక్తం వారానికి ఎన్నిసార్లు దొరుకుతుంది, సెల్ సార్టర్ (కావలసిన కణాలను వేరుచేసే యంత్రం) మీద సమయం ఎన్ని రోజుల ముందు బుక్ చేయాలి. మీ ప్రాజెక్టుకు ఎన్నేళ్లు పడుతుందో చాలావరకు ఆ రెండింటి మీదే ఉంటుంది.