పది శాతం కోసుకున్నారు, ఇక పన్ను కట్టినట్లేనా?

ప్రశ్న: నిరుడు సెప్టెంబరు వరకు నెలకు 80,000 జీతంతో ఉద్యోగం చేశాను. అక్టోబరు నుంచి రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే సొంతంగా వెబ్‌సైట్లు, వాటి వెనుక సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాను. మార్చి వరకు 9,60,000 వచ్చాయి. అందులో 6,40,000 హైదరాబాద్ కంపెనీది, పది శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసుకుంది. మిగిలినది అమెరికా నుంచి. జీతంతో కలిపితే 14,40,000. పన్నెండు లక్షలు దాటాను కాబట్టి పెద్ద మొత్తమే కట్టాలని భయపెడుతున్నారు. ఎంత పక్కన పెట్టుకోవాలి?

ఒకరు: టీడీఎస్ కోశారు కదండీ, ఇక రిటర్ను ఎందుకు?

మరొకరు: అమ్మా, ఆ మాట వింటే 64,000 వదులుకున్నట్లే. టీడీఎస్ బయానా లాంటిది, అసలు లెక్క తేలేది రిటర్నులోనే. మీ పని సాంకేతిక వృత్తి కిందికి వస్తుంది కాబట్టి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ వాడుకోవచ్చు. వచ్చిన డబ్బులో సగాన్నే ఆదాయంగా చూపిస్తే చాలు. అంటే 4,80,000. ఆరు నెలల జీతం కూడా 4,80,000, అందులో ప్రామాణిక తగ్గింపు 75,000 పోతే 4,05,000. రెండూ కలిపి 8,85,000. కొత్త పన్ను విధానంలో పన్నెండు లక్షల లోపు ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కనుక పన్ను సున్నా. కోసుకున్నది మొత్తం వెనక్కి వస్తుంది. బ్యాంకు వడ్డీ ఉంటే కలపడం మరిచిపోకండి. షేర్లు అమ్మి ఉంటే మాత్రం ఆ లాభం సంగతి వేరు, ఈ రిబేటు దానికి వర్తించదు. ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కానీ, 2025-26 లెక్కకు పాత చట్టమే.

ప్రశ్నించినవారు: ప్రాణం లేచి వచ్చిందండీ! లాప్‌టాప్‌కు 70,000 పెట్టాను, అదీ తీసేయవచ్చా? పైగా నా పేరిట జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో 32,000 మాత్రమే కనిపిస్తోంది.

మరొకరు: లాప్‌టాప్, ఇంటర్నెట్, కరెంటు అన్నీ ఆ వదిలేసిన సగంలోనే ఉన్నాయి, మళ్లీ తీయకూడదు. కనిపిస్తున్న 32,000 డిసెంబరు వరకు కోసినది. జనవరి నుంచి మార్చి వరకు వివరాలు దాఖలు చేయడానికి కంపెనీకి మే 31 వరకు గడువు. జూన్ మధ్య వరకు ఆగండి. అప్పటికీ లేకపోతే టీడీఎస్ ధ్రువపత్రమైన ఫారం 16ఏ ఇమ్మని వారినే గట్టిగా అడగండి. తొందరపడి ముందే రిటర్ను వేసి, తర్వాత నోటీసుతో తలపట్టుకున్నవారిని చూశాను.

ఇంకొకరు: ఆదాయపు పన్ను గురించి బెంగ పెట్టుకున్నారు గానీ, నన్ను అడిగితే చూసుకోవలసింది జీఎస్టీ. నెలకు 1,60,000 చొప్పున ఈ ఏడాదంతా వస్తే 19,20,000. సేవలకు పరిమితి 20 లక్షలు. అమెరికా సొమ్ము మీద పన్ను పడకపోయినా పరిమితి లెక్కలో చేరుతుంది. దాటిన 30 రోజుల్లో నమోదుకు దరఖాస్తు చేయాలి, ఆపై హైదరాబాద్ బిల్లుకు 18 శాతం కలపాలి. ఎగుమతి బిల్లుకు పన్ను లేకుండా ఉండాలంటే ఏటా హామీ పత్రం, అంటే ఎల్‌యూటీ ఇవ్వాలి. మీకు మిగిలిన ఎడం 80,000 మాత్రమే.

ప్రశ్నించినవారు: జూలైలో 1,20,000కు అదనపు పని ఒకటి ఒప్పుకున్నాను, అంటే దాటినట్లే. హైదరాబాద్ వారితో ఒప్పందం ఇంకా సంతకం కాలేదు. రేటుకు జీఎస్టీ అదనం అని రేపే రాయించుకుంటాను.