14 బ్రాంచీలకు 14 సర్వీస్ ఫైళ్లా, ఒక్క టెంప్లేటా?

ద్వారకానగర్_కుర్రాడు:
విశాఖలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒక మెడికల్ షాపుల వాళ్లకి 14 బ్రాంచీలున్నాయి. రాత్రిపూట వాటి బిల్లులు మెయిన్ డేటాబేస్‌లోకి ఎక్కించే సర్వీసు, బ్రాంచికి ఒకటి చొప్పున, ఒకే ఉబుంటు సర్వర్‌లో సిస్టమ్‌డీ (సర్వీసులను లేపే, ఆపే ప్రోగ్రామ్) కింద నడుస్తుంది. బిల్లు-గాజువాక.సర్వీస్, బిల్లు-మధురవాడ.సర్వీస్... ఇలా 14 ఫైళ్లు (ఇక్కడ తెలుగులో రాశాను, సర్వర్‌లో ఇంగ్లిష్ అక్షరాలే). పోయిన నెల మెమరీ లిమిట్ పెంచుతూ అనకాపల్లి ఫైలు ఒక్కటి మర్చిపోయాను. రెండు రాత్రులు అది మధ్యలోనే చచ్చింది, తిట్లు నాకు పడ్డాయి. ఇవన్నీ తీసేసి బిల్లు@.సర్వీస్ అని ఒక్క టెంప్లేట్ (అన్ని బ్రాంచీలకూ ఒకే మూస ఫైలు) పెడదామంటే మా సీనియర్ గారు ఒప్పుకోరు. ఒక్క ఫైలు చెడితే 14 షాపులూ పడుకుంటాయట. మీరేమంటారు?

సిరిపురం_సర్వర్:
ఇందులో చర్చేముంది తమ్ముడూ, టెంప్లేటే. నీ ఉబుంటులో లాగిన్ స్క్రీన్లు కూడా గెట్టీ@.సర్వీస్ అనే ఒక్క ఫైలుతోనే నడుస్తున్నాయి. @ తర్వాత రాసిన పేరు ఫైల్లో పర్సెంట్ ఐ (%i, చిన్న అక్షరం) ఉన్నచోటల్లా వచ్చి కూర్చుంటుంది. పోర్టు, డేటాబేస్ పేరు లాంటివి బ్రాంచికో చిన్న సెట్టింగుల ఫైల్లో పెట్టి, ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ లైనుతో చదివించు. 14 చోట్ల కాపీ చేసిన రోజే అనకాపల్లి ముహూర్తం ఖాయమైపోయింది.

పాతకాపు_ఎంవీపీ:
అంత తేలిక కాదండీ. టెంప్లేట్ నేనూ పెట్టాను, దెబ్బా తిన్నాను. ఒక బ్రాంచి పేరు ఎంవీపీ-కాలనీ. ఫైల్లో పర్సెంట్ పెద్ద ఐ (%I) వాడాను. ఆ పెద్ద ఐ పేరులోని అడ్డగీతను స్లాష్‌గా మార్చేస్తుంది. అంటే ఎంవీపీ అనే ఫోల్డర్లో కాలనీ అనే ఫైలు కోసం వెతికిందన్నమాట. అలాంటిది లేదు. పైగా సెట్టింగుల ఫైలు దారికి ముందు మైనస్ గుర్తు పెట్టి ఉంచాను, ఫైలు లేకపోయినా ఊరుకోమని. ఎర్రర్ లేదు, ఏమీ లేదు, సర్వీసు పచ్చగా నడుస్తున్నట్టే కనిపించింది. ప్రోగ్రామ్ డిఫాల్ట్ సెట్టింగులతో లేచి, ఆ బ్రాంచి బిల్లులన్నీ టెస్ట్ డేటాబేస్‌లో పోసింది. నాలుగు రోజుల తర్వాత అకౌంట్స్ వాళ్లు పట్టుకున్నారు. విడి ఫైలైతే దారి కళ్ల ముందే పూర్తిగా రాసి ఉండేది.

సిరిపురం_సర్వర్:
అది టెంప్లేట్ పాపం కాదు గురువుగారూ, మైనస్ గుర్తు పాపం. తప్పనిసరి ఫైలుకు మైనస్ పెట్టకూడదు. ఫైలు లేకపోతే సర్వీసు లేవకపోవడమే మంచిది. పేరు ఉన్నదున్నట్టు కావాలంటే చిన్న ఐ. పెద్ద ఐ ఉన్నది దారులను పేర్లుగా మార్చినప్పుడు వెనక్కి విప్పడానికి. అక్కడ అసలు అడ్డగీత కావాలంటే సిస్టమ్‌డీ-ఎస్కేప్ అనే కమాండ్‌తో మార్చిన పేరు వాడాలి. ఇంత గోల ఎందుకు, బ్రాంచి పేర్లలో అడ్డగీతే వద్దు, అండర్‌స్కోర్ పెట్టండి.

రుషికొండ_లైనక్స్:
సరదాకి ఒకసారి విశాఖ అని తెలుగులోనే ఎస్కేప్‌కి ఇచ్చి చూశాను. యూనిట్ (సిస్టమ్‌డీ నడిపే సర్వీసు లాంటిది) పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే చెల్లుతాయి కదా, బైటుకు నాలుగు అక్షరాల చొప్పున మార్చేసింది. 15 బైట్ల విశాఖకి 60 అక్షరాలు! మొత్తం పేరు 255 దాటకూడదు. మన భాషాభిమానం అక్కడ ఎక్కువ దూరం పోదు.

ద్వారకానగర్_కుర్రాడు:
సరే, కానీ అనకాపల్లి ఒక్కటే వీపీఎన్ మీద వస్తుంది. అది లేచాకే ఈ సర్వీసు లేవాలి. దానికి మాత్రం విడి ఫైలు పెట్టాలా?

సిరిపురం_సర్వర్:
అక్కర్లేదు. బిల్లు@అనకాపల్లి.సర్వీస్.డి అని ఫోల్డర్ పెట్టి, వీపీఎన్ లేచాకే లేవాలని చెప్పే లైన్లు అందులో ఒక చిన్న .కాన్ఫ్ ఫైల్లో రాయి. మిగతాది టెంప్లేట్ నుంచే వస్తుంది. ఒకటి గుర్తుంచుకో, ఎగ్జెక్‌స్టార్ట్ (ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పే లైను) మార్చాలంటే ముందు దాన్ని ఖాళీగా ఒకసారి రాసి, తర్వాత కొత్తది రాయాలి. లేకపోతే రెండో కమాండ్ కలిసి, మామూలు రకం సర్వీసైతే ఫైలు తప్పని లోడే కాదు.

పాతకాపు_ఎంవీపీ:
చూశారా? ఇప్పుడు ఒక టెంప్లేట్, 14 సెట్టింగుల ఫైళ్లు, ఒక ఫోల్డర్. రాత్రి రెండింటికి ఫోనొస్తే ఏది ఎక్కడుందో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ కొడితే ముక్కలన్నీ కనిపిస్తాయంటారు, కానీ పర్సెంట్ ఐ పర్సెంట్ ఐ గానే ఉంటుంది. ఇంకోటి. బిల్లు@* అని స్టార్ట్ కొడితే ఆ సమయానికి మెమరీలో ఉన్న యూనిట్లకే వర్తిస్తుంది. ఆగిపోయి మెమరీలోంచి పోయిన బ్రాంచిని అది చూడనే చూడదు.

సిరిపురం_సర్వర్:
విలువ నిండిన లైను కావాలంటే క్యాట్ కాదు, షో కొట్టాలి. స్టార్ గుర్తు వాడడం మాత్రం తప్పే, ఒప్పుకుంటాను. బిల్లు.టార్గెట్ (సర్వీసులను ఒక గుంపుగా కట్టే యూనిట్) ఒకటి పెట్టి, టెంప్లేట్లో వాంటెడ్‌బై, పార్ట్‌ఆఫ్ అనే లైన్లు రెండూ దానికి ఇచ్చి, 14 బ్రాంచీలనూ ఎనేబుల్ చేస్తే టార్గెట్ ఒక్కటి స్టార్ట్ చేస్తే చాలు. ఇక కుర్రాడి సీనియర్ గారి భయం సంగతి: ఫైలు మార్చగానే నడుస్తున్న సర్వీసులేవీ పడిపోవు. డెమన్-రీలోడ్ (మారిన ఫైళ్లను మళ్లీ చదవమనే కమాండ్) కొట్టి, ఒక్క బ్రాంచిని రీస్టార్ట్ చేసి చూసుకుని మిగతావి చేయొచ్చు. అయితే రీలోడ్ అయ్యాక ఏదైనా సర్వీసు తనంతట తాను పడి లేస్తే కొత్త ఫైలుతోనే లేస్తుంది, అది చూసుకోవాలి.

పాతకాపు_ఎంవీపీ:
ఆ చివరి ముక్క ఉంది చూశారూ, మా ఆఫీసులో 14 ఫైళ్లు ఇంకా ఉన్నది దానికోసమే. కాకపోతే వాటిని ఇప్పుడు చేత్తో రాయడం మానేశాను, ఒక స్క్రిప్టు రాసిపెడుతుంది.

సిరిపురం_సర్వర్:
అంటే మీరూ టెంప్లేటే వాడుతున్నారు, సిస్టమ్‌డీ బయట!

ద్వారకానగర్_కుర్రాడు:
మా సీనియర్ గారికి ఇదంతా చూపించాను. గాజువాక ఒక్కటి టెంప్లేట్ మీదకి మార్చుకోమన్నారు, మిగతా 13 ముట్టుకోవద్దన్నారు. ఎంవీపీ బ్రాంచి మాకూ ఉంది, పేరులో అడ్డగీత తీసేశాను. ఈ రాత్రి బిల్లులు ఎక్కాక చెబుతాను.