ట్యాంకు, టాంకీ, తటాకం

సంస్కృత ‘తటాకం’ నుంచే ఇంగ్లీషు ‘ట్యాంక్’ పుట్టిందని ఒక మిత్రులు రాశారు. ధ్వని దగ్గరగా ఉన్న మాట నిజమే గాని, నిఘంటువులు ముందుగా చూపే దారి వేరు. నేలలో కట్టుకునే నీటి తొట్టిని గుజరాతీలో ‘టాంకు’, మరాఠీలో ‘టాంకే’ అంటారు. పారే నీటిని ఆపడమనే అర్థమున్న క్రియతో ముడిపడిన ‘తాంకె’ అనే మాట పోర్చుగీసు వారికీ ఉంది. 17వ శతాబ్దం మొదట్లో మన దేశంలోని జలాశయాలను వర్ణిస్తూ ఇంగ్లీషువారు ఈ మాట వాడసాగారు. రెండు మూలాలూ అందులో కలిసిపోయాయనడమే నాకు సబబుగా తోస్తుంది.

ఆ తరువాత సర్కారు కాగితాలలో మన చెరువులన్నీ ట్యాంకులయ్యాయి. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడ రాజుల నాటి చెరువుకు పెద్దలు ‘ఉదయసముద్రం’ అని పేరు పెట్టుకుంటే, ఇంగ్లీషు రాతల్లో అదీ ట్యాంకే. సముద్రాన్ని తెచ్చి తొట్టిలో పోశారన్నమాట! కట్ట, తూము, అలుగు, శిఖం (నీళ్ళు నిలిచే నేల) ఉన్న చెరువుకూ, స్తంభాల మీద నిలబెట్టిన సిమెంటు తొట్టికీ ఒకే మాటతో సరిపెట్టుకున్నది ఇంగ్లీషే గాని, మన ఊళ్ళల్లో చెరువును ట్యాంకని ఎవరూ అనరు. ‘టాంకీ నిండింది, వాల్వు బందు చెయ్యి’ అన్నప్పుడు వినబడే ఆ ‘టాంకీ’ మాత్రం ఇంగ్లీషు నుంచి కాక ఉర్దూ మీదుగా మనకు చేరిందని నా అభిప్రాయం.

యుద్ధ ట్యాంకుకు ఆ పేరు రావడం వెనుక ఉన్నది గుట్టు. 1915లో బ్రిటన్‌లో ఇనుప బండ్లను రహస్యంగా తయారుచేస్తూ, అవి నీళ్ళ తొట్లని నమ్మించడానికి పెట్టిన మారుపేరది. 1916 సెప్టెంబరు 15న, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులోని సోమ్ పోరులో అవి బయటపడ్డాక కూడా పేరు మారలేదు. ‘ట్యాంక్ టాప్’ అనే చేతుల్లేని చొక్కా పేరు ఈతకొలనును ట్యాంకు అనే వాడుక నుంచి వచ్చింది. ‘థింక్ ట్యాంక్’ తొలుత తలకాయకు పెట్టిన సరదా పేరు, మేధావుల సంస్థలకు వాడడం తరువాతి మాట.

ఇక ‘ట్యాంకర్డ్’ అనే పానపాత్ర పేరూ ఇందులోదేనా అని మరొకరు అడిగారు; దానికి ఈ కుటుంబంతో చుట్టరికం లేదు. పోర్చుగీసు ఓడలు మన తీరానికి రాకముందే, 14వ శతాబ్దంలోనే, అది ఇంగ్లీషులో కనబడుతుంది.